పాత శుభలేఖ ఫైల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి

ప్రశ్న (తిరుపతి): మా అక్క పెళ్లికి అను ఫాంట్లలో టైపు చేయించిన శుభలేఖ వర్డ్ ఫైల్‌ను కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే, ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు కనిపిస్తున్నాయి. ఫైల్ పాడైపోయిందంటారా?

జవాబు (చిత్తూరు): పాడవలేదండీ. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే ప్రత్యేక స్థానాలు కేటాయించినా, డీటీపీ కేంద్రాలు వాడిన పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తలకట్లు, ఒత్తులు, గుణింతపు ముక్కలు అమర్చుకున్నాయి కాబట్టి, ఆ ఫాంట్ లేని కంప్యూటర్ లోపలున్న సంకేతాలను ఇంగ్లీషుగానే చూపిస్తుంది. ఫైల్‌లో వాడిన ఫాంట్ పేరు వర్డ్ పైపట్టీలో కనిపిస్తుంది. సరిగ్గా అదే ఫాంట్‌ను, లైసెన్సు ఉన్నవారి సాయంతో ఇన్‌స్టాల్ చేయించి, వర్డ్‌ను మూసి తెరవండి. ఈలోగా ఆ ఫైల్‌ను గౌతమి, నిర్మల లాంటి యూనికోడ్ ఫాంట్లకు మార్చి సేవ్ చేయకండి; ఏ భాగం ఏ ఫాంట్‌లో ఉందో తెలియకుండా పోతుంది.

మరో జవాబు: వాట్సాప్‌లో పంపవలసిన మాటలైతే యూనికోడ్‌కు మార్చుకోక తప్పదు. కన్వర్టర్లు ఉన్నాయి గానీ, వాటిని నేను పూర్తిగా నమ్మను. ‘లక్ష్మి’లో ఒత్తు, ‘శ్రీ’లో క్రారవడి ఒక్కొక్కటీ కంటితో సరిచూసుకోవాలి. అచ్చుకైతే ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ చాలు.

ప్రశ్న అడిగినవారు: టైపు చేసిన దుకాణంలోనే పీడీఎఫ్ చేయించాను, తిరుచానూరు మండపం చిరునామాతో సహా అంతా సరిగ్గా కనిపిస్తోంది. ధన్యవాదాలు.