చౌక వోడ్కాను ఇంట్లో బొగ్గు ఫిల్టర్‌తో వడకడితే రుచి నిజంగా మెరుగవుతుందా?

మంచినీటి కోసం వాడే జగ్గు ఫిల్టర్‌లో చౌక వోడ్కాను పదే పదే వడకడితే అది ఖరీదైన రకానికి దీటుగా తయారవుతుందని చాలామంది అంటుంటారు. ఇందులో నిజమెంతో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

నేను ఒకసారి వడకట్టి, వడకట్టనిదాన్ని పక్కన పెట్టుకుని రుచి చూశాను. గ్లాసును ముక్కు దగ్గరకు తీసుకున్నప్పుడు గుప్పుమనే స్పిరిట్ వాసన కొంత తగ్గినట్టే అనిపించింది గానీ, గొంతులో మంట మాత్రం అలాగే ఉంది. ఆ మంటకు ప్రధాన కారణం 40 శాతం మేర ఉండే ఇథనాలే కాబట్టి, వడపోతతో అది తగ్గదనే అనుకుంటున్నాను. ఈ ఫిల్టర్లలోని యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) తన సూక్ష్మరంధ్రాల్లో ఫ్యూజెల్ ఆల్కహాళ్లను (పులిసేటప్పుడు ఇథనాల్‌తో పాటు పుట్టే ఘాటైన ఇతర ఆల్కహాళ్లను), మరికొన్ని వాసన పదార్థాలను కొంతవరకు పట్టి ఉంచుతుందని, వోడ్కా తయారీదారులు కూడా బొగ్గు వడపోతను వాడతారని తెలుసు. అయితే కర్మాగారంలో మద్యం లోతైన బొగ్గు పొరల గుండా నిదానంగా దిగుతుంది. జగ్గులో ఉండేది పిడికెడు కార్బన్ మాత్రమే.

నా సందేహాలు ఇవి. వాసన తగ్గడం నిజమైన మార్పా, లేక ముందే ఏది ఏమిటో తెలిసి తాగడం వల్ల కలిగిన భావనా? కార్బన్‌తో పాటు ఆ ఫిల్టర్లలో ఉండే అయాన్ మార్పిడి రెసిన్ (నీటి కాఠిన్యాన్ని తగ్గించే సన్నని గుళికలు) నీటి కోసం ఉద్దేశించినది కదా, గాఢమైన ఆల్కహాల్ తగిలితే దాని నుంచి ఏమైనా పదార్థాలు కరిగి మద్యంలోకి దిగే ప్రమాదం ఉందా? విస్కీ విషయంలో పీపా నుంచి వచ్చిన రంగును, సువాసనను కూడా బొగ్గు లాగేస్తుంది గనుక దాని జోలికి నేను వెళ్లడం లేదు. కల్తీ మద్యంలోని విషపూరితమైన మిథనాల్‌ను ఇలాంటి వడపోత తొలగించలేదు కాబట్టి, ఈ ప్రశ్న కేవలం రుచికి సంబంధించినదే.

ఏది ఏ గ్లాసులో ఉందో తెలియకుండా పోల్చి చూసినవారు ఎవరైనా ఉంటే, తేడా ఎంతమేరకు తెలిసిందో రాయవలసిందిగా మనవి.