4,29,49,67,297ను 641 భాగిస్తుందని చేతి లెక్కతో ఎలా కనుగొన్నారు?

ప్రశ్న:
2³² + 1, అంటే 4,29,49,67,297, ప్రధాన సంఖ్యేనని 1640లో ఫెర్మా భావించగా, 1732లో ఆయిలర్ దానిని 641 × 67,00,417గా విడదీశాడని చదివాను. ఈ సంఖ్య వర్గమూలం 65,536 కంటే రవ్వంత ఎక్కువ, అంతలోపు 6,542 ప్రధాన సంఖ్యలున్నాయి. వాటిని వరుసగా ప్రయత్నించినా 641 వచ్చేది 116వ స్థానంలో. ఇంతకంటే దగ్గరి దారి ఏదైనా ఉందా? రెండో కారణాంకం కూడా ప్రధాన సంఖ్యేనని ఎలా నిర్ధారించాలి?

మొదటి సమాధానం:
ఉంది. 'ప' అనే ప్రధాన సంఖ్య దీనిని భాగిస్తుందనుకుందాం. అప్పుడు 2³²ను 'ప'తో భాగిస్తే శేషం −1 అవుతుంది కాబట్టి, 2 ఘాతాలలో శేషం మొదటిసారి 1 అయ్యేది 64వ ఘాతం దగ్గరే. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం (ప − 1)వ ఘాతానికీ శేషం 1 కావాలి కనుక, (ప − 1)ని 64 భాగించి తీరాలి. 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువైన ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే అయిదో ప్రయత్నానికే పని అయిపోతుంది. ఇక్కడ వాడినది ఫెర్మా స్వయంగా ప్రకటించిన సిద్ధాంతం, అదీ 1640 నాటిదే కావడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

రెండో సమాధానం:
1878లో గణితవేత్త లూకా ఈ షరతును ఇంకా బిగించాడు. 'ప' 8 గుణిజం కంటే ఒకటి ఎక్కువైనప్పుడు, 'ప'తో భాగిస్తే శేషం 2 వచ్చే వర్గ సంఖ్య ఒకటి తప్పక ఉంటుంది. ఆ వర్గమూలానికి పై తర్కాన్నే వర్తింపజేస్తే 64 స్థానంలో 128 వస్తుంది. ఇక 641 వరకు మిగిలేవి 257, 641 మాత్రమే. వీటిలో 257 కూడా 2⁸ + 1 అనే ఫెర్మా సంఖ్యే (2కు 1, 2, 4, 8, 16, 32 వంటి 2 ఘాతాన్నే ఘాతంగా వేసి 1 కలిపితే వచ్చేది), రెండు ఫెర్మా సంఖ్యలకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి అదీ తొలగిపోతుంది. రెండో ప్రశ్నకూ ఇదే జవాబు: 67,00,417 వర్గమూలం 2,589 లోపే ఉంది, దాని భాజకాలూ ఇదే రూపంలో ఉండాలి కనుక 641, 769, 1153, 1409లను పరీక్షిస్తే చాలు. ఏదీ భాగించదు.

మూడో సమాధానం:
641 భాగిస్తుందని సరిచూడటానికి భాగహారమే అక్కరలేదు. 641 = 5 × 2⁷ + 1 కనుక 5 × 2⁷కు శేషం −1, దాని నాలుగో ఘాతమైన 5⁴ × 2²⁸కు శేషం 1. మరోవైపు 641 = 5⁴ + 2⁴ కనుక 5⁴ స్థానంలో −2⁴ రాయవచ్చు; అప్పుడు −2³²కు శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1 నిశ్శేషంగా భాగింపబడుతుంది.

ఈ సంఖ్య కంటే దీనికి రెండు తక్కువైన 4,29,49,67,295 నాకు ఎక్కువ ఇష్టం. అది 3 × 5 × 17 × 257 × 65,537, అంటే మనకు తెలిసిన అయిదు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం. బేసి సంఖ్యలో భుజాలున్న క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయాలంటే భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం (లేదా అలాంటి ఒకే సంఖ్య) కావాలి; కనుక 4,29,49,67,295 భుజాలున్నదాన్ని గీయడం సిద్ధాంతరీత్యా సాధ్యమే. బేసి భుజాలున్నవాటిలో గీయవచ్చని తెలిసినంతవరకు అదే పెద్దది. 4,29,49,67,297 భుజాలదాన్ని మాత్రం గీయలేము, ఎందుకంటే దాని కారణాంకాలైన 641, 67,00,417 ఫెర్మా సంఖ్యలు కావు.