కార్నెల్ 5/8/77: క్యాసెట్ కాపీ శ్రుతి పెరిగింది, ఎలా సరిచేయాలి?

స్పూలుచుట్ట
అమెరికా రాక్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో చేసిన కచేరీ, రెండో సెట్. క్యాసెట్ల మీదుగా దిగిన సౌండ్‌బోర్డ్ (మిక్సర్ నుంచి నేరుగా తీసిన) కాపీ. పాతిక సెంట్లు (అర్ధస్వరంలో నాలుగో వంతు) పైన పలుకుతోంది, గిటార్ కలవట్లేదు. పైస్థాయి మొద్దుగా ఉంది. ‘స్కార్లెట్ బెగోనియాస్’లోంచి ‘ఫైర్ ఆన్ ది మౌంటెన్’లోకి జారే చోట టక్‌మంటోంది. 2017 అధికారిక విడుదల కొనుక్కోమనకండి, అది ఉంది. ఈ కాపీ సంగతే కావాలి.

అరవై_హెర్ట్జ్
శ్రుతిని ట్యూనర్‌తో కొలవకండి. బ్యాండు సరిగ్గా 440 హెర్ట్జ్‌కే శ్రుతి కట్టుకుని ఉండాలని రూలేం లేదు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, ఆ గుంయ్‌మనే శబ్దం టేపులో సన్నగా ఉంటుంది. పాటకీ పాటకీ మధ్య గిటార్లు సరిచూసుకునే చోట ఓ పది సెకన్లు తీసి, ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే బొమ్మ) గీయించండి. సైజు 65536 పెట్టండి. 60 దగ్గర కన్నా దాని మూడో రెట్టు 180 దగ్గర చూడటం మేలు, తేడా మూడింతలై కనిపిస్తుంది. పాతిక సెంట్లు నిజమైతే గీత 182.6 దగ్గర ఉంటుంది, అంటే టేపు 1.45 శాతం వేగంగా తిరిగింది.

సరిచేసేటప్పుడు వేగం మార్చే ఎఫెక్ట్‌లో మైనస్ 1.45 కాదు, మైనస్ 1.43 శాతం కొట్టాలి (60ని 60.87తో భాగించి చూడండి). పిచ్ ఒక్కటే మార్చే ఎఫెక్ట్ వాడొద్దు. వేగం, శ్రుతి రెండూ కలిసే పెరిగాయి, కలిసే తగ్గాలి.

ఒకటే గీత ఉంటుందనుకోకండి. ప్రతి డబ్బింగూ తన హమ్ (ఆ గుంయ్‌మనే కరెంటు శబ్దం) తాను కలుపుతుంది. మన దేశంలో ఎక్కించినదైతే 50 దగ్గరా ఇంకోటి తేలుతుంది, దాన్ని వదిలేయండి. మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్ల కొలవండి. మూడూ మూడు రకాలుగా వస్తే అది డెక్కు మోటారు జబ్బు, ఒక్క అంకెతో కుదరదు.

అజిమత్‌రావు
ఆగండాగండి, వేగం తర్వాత. క్యాసెట్ చేతిలో ఉంటే ముందు మళ్లీ ఎక్కించుకోండి. మొద్దుతనానికి మొదటి అనుమానం టేపును చదివే హెడ్ వాలు (అజిమత్) మీదే. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్లే చేస్తూ రెండు ఛానళ్లనూ మోనోగా కలిపి వినండి. మోనోలో డ్రమ్స్ సింబల్స్ గలగల మాయమైతే వాలు తప్పినట్టే. హెడ్ పక్కనున్న స్ప్రింగు స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, గలగల బాగా విచ్చుకున్న చోట ఆపండి. క్యాసెట్ రెండో వైపు వేసినప్పుడు మళ్లీ చూసుకోవాలి. పాత కర్ణాటక కచేరీ క్యాసెట్లకూ ఇదే వైద్యం, మృదంగం చాపు శబ్దం వింటూ తిప్పుతారు.

రెండో అనుమానం డాల్బీ, అంటే టేపు హిస్సు (బుస శబ్దం) తగ్గించే డెక్కు మీట. డాల్బీ లేకుండా ఎక్కించిన టేపును డాల్బీ నొక్కి కాపీ చేస్తే పైస్థాయి చస్తుంది. దాన్ని ఈక్వలైజర్‌తో లేపితే హిస్సూ లేస్తుంది, ప్రాణం మాత్రం రాదు. ఎందుకంటే డాల్బీ శబ్దం స్థాయిని బట్టి పనిచేస్తుంది, మెల్లగా వాయించిన చోటే ఎక్కువ కోస్తుంది. అందుకే ‘మార్నింగ్ డ్యూ’ మొదటి భాగం చచ్చిపోయి, చివరి ఉధృతి బాగానే వినిపిస్తుంది. అదే గుర్తు.

24 బిట్లలో, పీకులు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా రికార్డు చేయండి.

ఐదొందల_ఎనభైఎనిమిది
టక్కు సంగతి నాకొదిలేయండి. మీ కాపీ దారిలో ఎక్కడో సీడీ మీదికి ఎక్కి ఉంటే, కారణం ఇది కావచ్చు. సీడీలో సెకనుకు 75 సెక్టార్లు, సెక్టారుకు 588 శాంపిళ్లు. పాటలు విడగొట్టినవారు 588 గుణిజం చూడకుండా కోస్తే, సీడీ రాసేటప్పుడు చివరి సెక్టారును సున్నాలతో నింపుతుంది. ఆ సీడీని మళ్లీ రిప్ చేస్తే (కంప్యూటర్లోకి ఎక్కిస్తే) సున్నాలూ వెంట వస్తాయి. గరిష్ఠంగా 13 మిల్లీసెకన్లే, కానీ 25 నిమిషాలకు పైగా తెగకుండా సాగే వాయిద్యం మధ్యలో పంటికింద రాయిలా తగులుతుంది.

రెండు ఫైళ్లనూ కలిపి, అతుకు దగ్గర శాంపిళ్లు కనబడేదాకా జూమ్ చేయండి. గీత ఒక్కసారిగా బల్లపరుపుగా ఉన్న ముక్క కనిపిస్తుంది, అంతమటుకే తీసేయండి. సంగీతం ఒక్క శాంపిలూ పోదు. బల్లపరుపు లేకుండా టక్కుమంటే అది టేపు అతుకు, లేదా ఎంపీ3 దారిలో వచ్చినది. స్పెక్ట్రోగ్రామ్‌లో (కాలంతో పాటు స్పెక్ట్రమ్ చూపే బొమ్మ) పైస్థాయి 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగితే ఎంపీ3యే. క్యాసెట్ అయితే మెల్లగా చీకటి పడుతుంది.

స్పూలుచుట్ట
182.5 దగ్గర ఉంది, థాంక్సండీ. ఆడియన్స్ టేపు (హాల్లో మైకు పెట్టి తీసినది) కూడా కలిపి మ్యాట్రిక్స్, అంటే రెండింటి మిశ్రమం చేయొచ్చా?

వెనకవరుస
చేయొచ్చు గానీ దీనికి అంత అవసరం లేదనుకుంటా. బ్యాండు సౌండ్ ఇంజినీర్ బెట్టీ కాంటర్ రెండు ట్రాకులకే నేరుగా చేసిన మిక్స్ ఇది, వాయిద్యాలన్నీ సరిగ్గా కుదిరాయి. హాలు గాలి కావాలంటే ఆడియన్స్ టేపును 8 డెసిబెల్స్ కింద పెట్టి చూడండి. శబ్దం మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, 20 మీటర్ల దూరపు మైకు 58 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. స్నేర్ డ్రమ్ము దెబ్బ పట్టుకుని దాన్ని ముందుకు జరపండి. రెండు మెషిన్ల వేగాలూ వేరు కాబట్టి ఐదేసి నిమిషాలకు మళ్లీ సరిచూడాలి. కొద్ది మిల్లీసెకన్లు తప్పినా గొట్టంలోంచి పాడినట్టుంటుంది.

అరవై_హెర్ట్జ్
182.5 అయితే మైనస్ 1.37 చాలు. కలపడం మాత్రం వేగం సరిచేశాకే.