కోకో గింజను పులియబెట్టాల్సింది రైతా, కొనేవాళ్లా?

కొబ్బరితోట_నిజాంపేట:
అందరికీ నమస్కారం. నేను ఉండేది నిజాంపేటలో, సొంతూరు ఏలూరు జిల్లా చింతలపూడి వైపు. నాన్నకు నాలుగెకరాల కొబ్బరితోట ఉంది, చెట్ల మధ్య కోకో. మొన్న ఊరెళ్తే ఇంట్లో దీని మీదే గొడవ. తమ్ముడేమో కాయ కొట్టి పచ్చి గింజ అలాగే అమ్మేద్దాం, వారం రోజుల చాకిరీ తప్పుతుంది అంటాడు. నాన్న ఒప్పుకోడు. మన కళ్లంలో మనమే పులియబెట్టి, ఎండబెట్టి అమ్మాలి, ఇన్నేళ్లూ అలాగే చేశాం అంటాడు. మూడు కిలోల పచ్చి గింజ ఎండితే సుమారు ఒక కిలో అవుతుంది కాబట్టి లెక్క వేస్తే రెండింటికీ పెద్ద తేడా కనపడడం లేదు. కానీ 2024 వేసవిలో ఎండు గింజ కిలో వెయ్యి రూపాయల దాకా వెళ్లి, ఏడాది తిరిగేసరికి సగానికి దిగిపోయింది కదా, అప్పటినుంచి ఏ నిర్ణయం తీసుకోవాలన్నా టెన్షనే. ఇక్కడ చాక్లెట్ చేసేవాళ్లు, వ్యవసాయం చదివినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఎవరిది కరెక్టు?

చిన్నబార్_కూకట్‌పల్లి:
మీ తమ్ముడిదే. నేను ఇంట్లోనే చిన్నగా చాక్లెట్ చేస్తాను, ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్‌కి అన్న లాంటి రాతి గ్రైండర్ ఒకటి కొనుక్కుని మూడేళ్లయింది. రెండేళ్ల కింద ఒక మధ్యవర్తి దగ్గర యాభై కిలోల ఎండు గింజ కొన్నాను. బస్తా విప్పి వంద గింజలు తీసి నిలువునా కోసి చూస్తే, మూడో వంతు లోపల పలకలా బూడిద రంగులో గట్టిగా ఉన్నాయి, అంటే అసలు పులవనే లేదు. ఇంకొన్ని ఊదా రంగులో ఉన్నాయి, సగం పులిసినవి. కొన్నిటికి పొగ వాసన. ఎంత జాగ్రత్తగా వేయించినా, మూడు రోజులు రుబ్బినా ఆ వగరు పోలేదు. డబ్బు పోయింది సరే, దానికంటే ఎక్కువ బాధేసింది, ఎందుకంటే ఆ గింజ పండించినాయన చెట్టు దగ్గర ఏ తప్పూ చేయలేదు, తప్పంతా కాయ కొట్టిన తర్వాత ఆరు రోజుల్లో జరిగింది. పది ఇళ్లలో పది రకాలుగా పులిసిన గింజను ఒకే బస్తాలో కలిపితే ఏ చాక్లెట్ చేసేవాడూ ఏం చేయలేడు. పచ్చి గింజ ఒకచోటికి చేర్చి, తెలిసినవాళ్లు పులియబెడితేనే రుచి. బంజారాహిల్స్‌లో ‘మనం చాక్లెట్’ అనే కంపెనీ వాళ్లు చేస్తున్నది అదే కదా, గోదావరి రైతుల దగ్గర పచ్చి గింజ తీసుకుని తాడికలపూడిలో వాళ్లే పులియబెట్టుకుంటారు. తిని చూడండి, మన గింజలో ఎంత ఉందో తెలుస్తుంది.

మెట్టరైతు_ఉప్పల్:
రుచి సంగతి మీకు తెలుసు, బేరం సంగతి నాకు తెలుసు. కాయ కొట్టిన పచ్చి గింజ మర్నాటికే పులుపెక్కిపోతుంది, ఆగదు. లారీ వచ్చి నిలబడి ఇవాళ రేటు ఇంతే అంటే రైతు ఇవ్వాల్సిందే, పాల కేంద్రం దగ్గర బిందెతో నిలబడ్డట్టే. ఎండు గింజ అయితే అటక మీద గోనె సంచిలో రెండు మూడు నెలలు ఉంటుంది, రేటు నచ్చకపోతే ఈ వారం అమ్మను అనొచ్చు. 2025లో రేటు పడినప్పుడు కోకో రైతులు రోడ్డెక్కి కొనండి, సరైన ధర ఇవ్వండి అని అడిగారు కదా, అప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ఎండు గింజ. పచ్చి గింజే ఉంటే ధర్నా చేసే టైము కూడా ఉండేది కాదు, కుళ్లిపోయేది. ఒకప్పుడు మెక్సికోను ఏలిన ఆజ్‌టెక్‌లు కోకో గింజనే డబ్బుగా వాడారంటే ఒక కారణం అదే, ఎండిన గింజ దాచుకోవచ్చు. రైతు చేతిలోంచి ఆ దాచుకునే హక్కు తీసేయకండి.

ల్యాబ్‌కోటు:
ఫుడ్ టెక్నాలజీ పాఠాలు చెబుతాను కాబట్టి అసలు ఆ ఆరు రోజుల్లో ఏం జరుగుతుందో చెప్తాను, చాలామంది పులియడం అంటే గుజ్జు వదిలించడమే అనుకుంటారు. ఒక కాయలో ముప్ఫై నలభై గింజలు, చుట్టూ తెల్లటి తియ్యటి గుజ్జు. కుప్ప పోయగానే మొదటి రోజు ఈస్ట్ ఆ చక్కెరను సారాగా మారుస్తుంది, గుజ్జు కరిగి కారిపోతుంది, దాంతో లోపలికి గాలి ఆడుతుంది. గాలి తగలగానే ఒక రకం బ్యాక్టీరియా వచ్చి సారాను వెనిగర్‌గా మారుస్తుంది, ఈ పనిలో చాలా వేడి పుడుతుంది, కుప్ప లోపల 45 నుంచి 50 డిగ్రీలు. ఆ వేడికీ, లోపలికి ఇంకిన ఆమ్లానికీ గింజలోని మొలక చచ్చిపోతుంది. అసలు కథ ఇక్కడే మొదలు. మొలక చచ్చాక గింజ లోపలి కణాల గోడలు విరిగి, ఎంజైములు ప్రొటీన్లను ముక్కలు చేస్తాయి, చక్కెరలు విడిపోతాయి, వగరు పదార్థాలు గాలితో కలిసి ఊదా రంగు గోధుమ రంగులోకి తిరుగుతుంది. తర్వాత వేయించినప్పుడు చాక్లెట్ వాసన పుట్టేది ఈ ముక్కల నుంచే. అవి లేకపోతే పొయ్యి మీద ఎంత తిప్పినా చాక్లెట్ వాసన రాదు, చిన్నబార్ గారి బస్తాకు జరిగింది అదే.

ఇక వివాదానికి వస్తే, ఇరవై కిలోల కుప్ప వేడిని నిలుపుకోలేదు. చలికాలంలో మన ఇంట్లో ఇడ్లీ పిండి పులవనట్టే, మధ్యలో పులిసి అంచుల్లో పచ్చిగా ఉండిపోతుంది. అందుకే చిన్న రైతు ఒక్కడే చేయడం కష్టం. అలాగని పెద్ద పెట్టె అయితే చాలు అనుకోవద్దు. మలేసియాలో పెద్ద ఎస్టేట్లు లోతైన పెట్టెల్లో చేసిన గింజకు పులుపు ఎక్కువని ప్రపంచమంతా వంక పెట్టింది. గుజ్జు ఎక్కువగా ఉండి, గాలి చాలక అలా అయ్యింది. ఎవరు చేశారన్నది కాదు, ఎంత కుప్ప, ఎన్నిసార్లు తిప్పారు, ఎన్ని రోజులు ఆగారు అన్నదే లెక్క.

మెట్టరైతు_ఉప్పల్:
మంచి మాట చెప్పారు సార్. ఇంకో ఉదాహరణ నేనిస్తాను. ఘనాలో ఉన్నది కూడా ఎక్కువగా చిన్న రైతులే, కొద్ది ఎకరాలవాళ్లు. తోటలోనే అరటాకులు పరిచి, గింజ కుప్ప పోసి, మళ్లీ అరటాకులు కప్పి, రెండు రోజులకోసారి తిప్పుతూ ఆరు రోజులు ఉంచుతారు. ప్రపంచంలో పెద్ద కంపెనీలు దశాబ్దాలుగా నమ్మేది ఆ గింజనే. రైతుకు చేతకాదు అనేవాళ్లు దానికి జవాబు చెప్పాలి. అక్కడ ప్రభుత్వ బోర్డు గింజ కోసి చూసి గ్రేడు వేస్తుంది, అంతే తేడా.

సీతాఫల్‌మండి_పాఠకురాలు:
అసలు పులియబెట్టడం కంటే జాతి ముఖ్యం కాదా అండీ? మన దగ్గర నాటింది ఎక్కువగా ఫారెస్టెరో, అది చవక రకం అంటారు. మంచి రుచి క్రియోల్లోదే అని చదివాను.

ల్యాబ్‌కోటు:
జాతి ముఖ్యమేనండి, కాదనను. కానీ క్రియోల్లో, ఫారెస్టెరో, ట్రినిటారియో అనే మూడు పేర్ల లెక్క పాతబడిపోయింది. 2008లో జన్యువులు పరీక్షించి పది గుంపులుగా తేల్చారు. కోకో పుట్టిల్లు కూడా చాలామంది అనుకున్నట్టు మెక్సికో కాదు, దక్షిణ అమెరికాలోని అమెజాన్ పైభాగం. ఈక్వెడార్‌లో 5,300 ఏళ్ల నాటి కుండల్లో కోకో ఆనవాళ్లు దొరికాయని 2018లో బయటపెట్టారు. ఇండియాకు మొదట వచ్చింది క్రియోల్లో రకమే, 1798లో తమిళనాడులోని కుర్తాళంలో నాటారు, పంటగా నిలబడలేదు. ఘనా గింజ కూడా ఫారెస్టెరో వర్గానిదేనని గుర్తుంచుకోండి. మంచి జాతి గింజను రెండు రోజులకే ఎండేస్తే అది కూడా వగరే.

సీతాఫల్‌మండి_పాఠకురాలు:
థాంక్యూ. మేడ మీద డ్రమ్ములో ఒక మొక్క పెట్టుకోవచ్చా మరి, ఊరికే చూసుకోవడానికి?

ల్యాబ్‌కోటు:
బతికించొచ్చు, కాయ మీద ఆశ పెట్టుకోకండి. మన ఏప్రిల్ వడగాలికి ఆకులు మాడతాయి. దానికి నీడ, తేమ కావాలి. పూలు మాను మీదే పూస్తాయి, వాటి పుప్పొడిని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేర్చేది ఆవగింజంత దోమలాంటి పురుగు, అది తడి ఆకుల చెత్తలో బతుకుతుంది, మేడ మీద ఎక్కడిది?

కొబ్బరితోట_నిజాంపేట:
ఇవన్నీ నిన్న రాత్రి ఫోన్లో నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఒక మాట చెప్పాడు, నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఆరేళ్ల కిందటి వరకు ఆయన ఆరు రోజులు పూర్తిగా పులియబెట్టేవాడట. పక్క తోట ఆయన మూడు రోజులకే తీసి ఎండేసేవాడు. ఇద్దరి గింజా ఒకే వ్యాపారి ఒకే కాటా మీద వేసి ఒకే రేటు ఇచ్చాడు, కోసి కూడా చూడలేదు. పైగా ఎక్కువ పులిస్తే బరువు కాస్త తగ్గుతుంది కాబట్టి నాన్నకే నష్టం. రెండు మూడు సీజన్లు చూసి నాన్న కూడా నాలుగో రోజుకే తీసేయడం మొదలుపెట్టాడు. “బాగా చేస్తే నాకేం వచ్చిందిరా” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

చిన్నబార్_కూకట్‌పల్లి:
ఇది చదివాక నా మొదటి మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. నేను కొన్న ఆ బస్తాలో మీ నాన్నగారి లాంటివాళ్ల గింజే ఉండుంటుంది, చేతకాక కాదు, ఎవరూ అడగక అలా అయ్యింది. వంద గింజలు కోసి చూడడానికి పది నిమిషాలు పట్టదు, కొనేవాళ్లు ఆ పది నిమిషాలు కూడా పెట్టకపోతే రైతు మాత్రం వారం ఎందుకు పెడతాడు. అయినా కుప్ప చిన్నదైతే కష్టమన్న ల్యాబ్‌కోటు గారి మాట అలాగే ఉంది కదా. ఊళ్లో ఐదారు తోటలవాళ్లు కలిసి ఒకే రోజు కోసి, ఒకే కళ్లంలో పులియబెడితే? గింజ రైతులదే, బేరమూ వాళ్లదే, కుప్పకు కావాల్సిన వేడీ ఉంటుంది.

మెట్టరైతు_ఉప్పల్:
దీనికి నేను ఒప్పుకుంటాను. కాకపోతే కోసి చూసి రేటు కట్టేవాడు ముందు దొరకాలి, కళ్లం ఆ తర్వాత. తలకిందులుగా చేస్తే మళ్లీ రైతే మునుగుతాడు.

కొబ్బరితోట_నిజాంపేట:
ఈ ఏప్రిల్ కోతకు పక్క తోట ఆయన్ను కూడా ఒప్పించాను, ఇద్దరి గింజా కలిపితే వంద కిలోలు పైనే అవుతుంది. అరటాకుల్లో ఆరు రోజులు, రెండో రోజూ నాలుగో రోజూ తిప్పుతాం. మిగిలింది తమ్ముడి ఇష్టప్రకారం పచ్చిగా అమ్ముతాం, చేతికి ఎంతొచ్చిందో రెండూ రాసిపెడతాను. చిన్నబార్ గారూ, ఐదు కిలోలు ఎండు గింజ మీకు తెచ్చిస్తాను, కోసి చూసి మీరు ఎంత రేటు ఇస్తారో నాన్నతో నేరుగా ఫోన్లో చెప్పాలి.

చిన్నబార్_కూకట్‌పల్లి:
తప్పకుండా చెప్తాను. ఒక్కటి మాత్రం నాన్నగారికి చెప్పండి, తారు రోడ్డు మీద ఎండేయొద్దు, డీజిల్ వాసన పట్టేస్తుంది. టార్పాలిన్ మీద వేసి, పిడికిట్లో నలిపితే గలగలమని పెంకు చిట్లేదాకా ఎండనివ్వండి.