టులెట్ బోర్డు మీది ‘లెట్’, పాస్‌పోర్టులోని ‘లెట్’ ఒకటేనా?

విజయవాడ నుంచి:
మా అమ్మాయి కొత్త పాస్‌పోర్టు నిన్న పోస్టులో వచ్చింది. రాష్ట్రపతి పేర అందులో అచ్చువేసిన అభ్యర్థనను ఇన్నేళ్ళలో మొదటిసారి నిదానంగా చదివాను. పాస్‌పోర్టు ఉన్నవారిని ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్’ స్వేచ్ఛగా సాగనివ్వాలని అక్కడ ఉంది. ‘లెట్’ అంటే అనుమతించడమని చదువుకున్నవాళ్ళం కదా, ఆ ‘లెట్’ లేకుండా సాగనివ్వడం ఏమిటి? దానితోపాటు డిగ్రీలో చదివిన షేక్‌స్పియర్ పంక్తి ఒకటి సగం గుర్తుకొచ్చి వేధిస్తోంది: ‘ఐల్ మేక్ ఎ ఘోస్ట్ ఆఫ్ హిమ్ దట్ లెట్స్ మీ’. పోనిచ్చినవాణ్ణి దయ్యాన్ని చేస్తాననడం ఎక్కడి న్యాయమో పెద్దలు చెప్పాలి.

తెనాలి నుంచి:
అది హామ్లెట్ మొదటి అంకం, నాలుగో రంగం. తండ్రి ప్రేతం సైగచేసి పిలుస్తుంటే వెంట వెళ్ళబోయిన రాకుమారుణ్ణి హొరేషియో, మార్సెలస్ పట్టుకొని ఆపుతారు. నన్ను అడ్డుకున్నవాణ్ణి దయ్యాన్ని చేస్తానన్నదే అతని బెదిరింపు. కళ్ళెదుట ఒక దయ్యం నిలబడి ఉండగా ఇంకొకదాన్ని తయారుచేస్తాననడంలోని ఎకసెక్కం షేక్‌స్పియర్‌కే చెల్లింది. ఇంతకంటె రుచికరమైన సంగతి ఒకటుంది. అదే రంగంలో, దాదాపు 40 పంక్తులకు ముందు, అదే హామ్లెట్ ఆ ప్రేతంతో ‘లెట్ మి నాట్ బర్స్ట్ ఇన్ ఇగ్నొరన్స్’ అంటాడు. అక్కడ ‘లెట్’ పోనివ్వడం, ఇక్కడ ‘లెట్’ అడ్డుకోవడం. ఆనాటి ప్రేక్షకుడికి రెండూ తడుముకోకుండా అర్థమయ్యాయి.

హనుమకొండ నుంచి:
మాస్టారు రంగం సరిగ్గానే చెప్పారు గాని, అసలు కీలకం ప్రాచీన ఆంగ్లంలో ఉంది. అక్కడ ఇవి రెండు వేర్వేరు క్రియలు. విడిచిపెట్టు, పోనిచ్చు అనే అర్థంలో ‘లేటన్’ ఒకటి, అడ్డుపడు అనే అర్థంలో ‘లెట్టన్’ రెండవది. మొదటిదానిలో దీర్ఘం, రెండవదానిలో హ్రస్వం మీద ద్విత్వం. కాలక్రమాన మొదటిదానికి దీర్ఘం పోయింది, రెండవదానికి ద్విత్వం పోయింది, చివరి ‘అన్’ రెండింటికీ ఊడిపోయింది. మిగిలింది ఒకే ‘లెట్’. టులెట్ బోర్డు మీద కనిపించేది మొదటి క్రియ, పాస్‌పోర్టులో ఉన్నది రెండవ క్రియకు చెందిన నామవాచకం.

డాలస్ నుంచి:
విషయం ఒప్పుకుంటాను గాని ‘లేటన్’ అన్న వ్రాత ఒప్పుకోను. అది ఏత్వం కాదు. మనం ‘వచ్చాడు’ అని వ్రాస్తాం, కొందరు ‘వచ్చేడు’ అని వ్రాస్తారు, నోట పలికే అచ్చు ఆ రెండింటికీ నడుమ ఉంటుంది. ఆ క్రియలోని అచ్చు సరిగ్గా అదే. మన లిపిలో దానికి అక్షరం లేదు గనుక ‘లాటన్’ అని వ్రాసి ‘వచ్చాడు’లాగా చదువుకోమనడం మేలు.

హనుమకొండ నుంచి:
అలా వ్రాస్తే చదివేవారు ‘లాఠీ’లో లాగా పలుకుతారు. ‘వచ్చాడు’కే ఇంతవరకు వ్రాత తేల్చుకోలేని మనం, ప్రాచీన ఆంగ్లానికి వ్రాత నిర్ణయించబోవడం సాహసం.

తెనాలి నుంచి:
అచ్చు ఏదైతేనేం, ప్రాణం ద్విత్వంలో ఉంది. ‘లెట్టన్’ అంటే మొదట ఆలస్యం చేయించడం, అంటే ఇప్పటి ‘లేట్’కు మూలమైన మాట నుంచి పుట్టిన ప్రేరణార్థకం. 1611 నాటి బైబిలులో, థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రికలో ‘లెటెత్ విల్ లెట్’ అని ఒకేచోట రెండుసార్లు వస్తుంది, రెండుచోట్లా అడ్డగించడమే. 1881 సవరణ నాటికి జనానికి అది తలకిందులుగా అర్థమవుతున్నది గనుక ‘రిస్ట్రెయినెత్’ అని మార్చారు.

చెన్నై నుంచి:
ఆలస్యానికీ అడ్డుకూ చుట్టరికం ఇంగ్లీషు సొత్తేమీ కాదు. తమిళంలో ‘తడు’ అంటే అడ్డుకొను, ‘తడై’ అంటే ఆటంకం. మన కావ్యాలలో అడుగడుగునా కనిపించే ‘తడయక’ అంటే ఆలసింపక. ఇవి ఒకే వేరువని నా నమ్మకం. ఇక టెన్నిస్‌లో సర్వీసు బంతి నెట్‌కు తగిలి సరైన చోట పడితే ‘లెట్’ అంటారు కదా, అది కూడా ఈ అడ్డే. ‘నెట్’ అన్న మాటే చెడి ‘లెట్’ అయిందనేవారు ఉన్నారు గాని, నాకు అది అతకలేదు.

హనుమకొండ నుంచి:
చెన్నై వారి చుట్టరికం బాగుంది గాని నడక ఎదురుగా ఉంది. ఇంగ్లీషులో జాగు అడ్డయింది. మీ లెక్క ప్రకారం తెలుగులో అడ్డు జాగయింది. అసలు ‘లేట్’కు మూలమైన మాటకూ, పోనివ్వడమనే మొదటి క్రియకూ ఇంకా లోపలికి వెళితే ఒకే ధాతువు, సడలడమని దాని అర్థం. సడలించినవాడు పోనిచ్చాడు, సడలినవాడు వెనకబడ్డాడు. కనుక నేను రెండు క్రియలన్నది ఒక మెట్టు వరకే నిజం.

తెనాలి నుంచి:
ధాతువుల దాకా వెళితే అందరూ బంధువులే. నేను మళ్ళీ హామ్లెట్ దగ్గరికే వస్తాను. ఐదో అంకంలో, కత్తిసాముకు వెళ్ళేముందు, రెండవ క్వార్టోలో (ఆ నాటకపు తొలినాటి చిన్న అచ్చుప్రతులలో ఒకటి) అతను ‘లెట్ బి’ అని ఊరుకుంటాడు. 1623 ఫోలియోలో, అంటే ఆయన నాటకాల పెద్ద సంపుటంలో, ఆ రెండు మాటలూ లేవు. అచ్చులో జారిపోయాయో, కావాలనే తీసేశారో గాని, నా మటుకు అవి లేని హామ్లెట్‌ను చదవలేను.

విజయవాడ నుంచి:
దయ్యం సంగతి తేలింది, అందరికీ కృతజ్ఞతలు. రాష్ట్రపతి వాక్యం మాత్రం నాకు ఇంకా తేలలేదు. ‘లెట్’ అన్నా ‘హిండ్రన్స్’ అన్నా అడ్డే అయినప్పుడు రెండూ ఎందుకు? దస్తావేజు భాషలో జంటమాటలు వాడే అలవాటా, లేక ఒకటి ఆపడం, ఒకటి జాగు చేయడమా? అమ్మాయికి తెలుగులో చెబుదామని ‘అడ్డూ అదుపూ లేకుండా’ అన్నాను. అలా తిరిగేవాళ్ళకు పాస్‌పోర్టు ఎవరిస్తారు నాన్నా అంది.

చెన్నై నుంచి:
‘అడ్డూ ఆపూ లేకుండా’ అని చూడండి.

డాలస్ నుంచి:
అది వానకు అంటాం, మనిషికి కాదు.