పూట గడవని ద్వీపంలో వేట ఆపమని ఎవరు చెప్పాలి?

పెరంబూర్ స్వాతి:
అందరికీ నమస్కారం. ఇక్కడ చెన్నైలో ఎం.ఏ. చదువుతున్నాను, సెమినార్‌కి మడగాస్కర్ తీసుకున్నాను. అంత పేద దేశంలో, రోజూ సముద్రంలోకి దిగితే తప్ప పొయ్యి వెలగని వాళ్లని వనరులు కాపాడాలి, కొన్నాళ్లు వేట ఆపండి అనడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది. అసలు వింటారా?

తీరంగాలి:
నిర్ణయం వాళ్లదే అయితే వింటారండి. నైరుతి తీరంలో అందవదువాక అని, వేజో అనే సముద్రతీర జనాల జాలర్ల ఊరు ఉంది. 2004లో ఒక సంరక్షణ సంస్థ సాయంతో ఊరివాళ్లే ఒక్క పగడపు దిబ్బ మీద ఆక్టోపస్ వేట కొన్ని నెలలు ఆపారు. ఒక్క దిబ్బే, అసలు కిటుకు అదే. మిగతా చోట్ల ఆటు సమయంలో ఆడవాళ్లు ఎప్పట్లాగే ఈటెలతో పట్టుకున్నారు కాబట్టి పస్తులు పడలేదు. ఆక్టోపస్ బతికేదే ఏడాది, రెండేళ్లు, అందుకే కొన్ని నెలలు వదిలితే చాలు, బరువు బాగా పెరుగుతుంది. తెరిచాక పెద్దవి దొరికాయి, అది చూసి పక్క ఊళ్లూ మొదలుపెట్టాయి. 2006లో ఊళ్లన్నీ కలిసి వెలొండ్రియాకే అనే రక్షిత ప్రాంతం పెట్టుకున్నాయి. నియమాలు 'దినా' అనే ఊరి కట్టుబాటు కింద ఉంటాయి, తప్పితే జరిమానా.

కాశిమేడు రమణ:
మా దగ్గర, చెన్నై కాశిమేడు రేవులో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు కదలవు. జాలరి కుటుంబాలకి ప్రభుత్వం భృతి ఇస్తుంది, మంచిదే. కానీ ఐస్ మోసేవాళ్లకి, చేపలు కోసి కూలి తెచ్చుకునే ఆడవాళ్లకి ఆ రెండు నెలలు ఎలా గడుస్తాయో ఎవరూ అడగరు. చేపలు పెరగాలి, కాదనను, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందో చూడాలి కదా. ఇంకోటి, అక్కడ తెరిచిన రోజు బయటివాళ్లు వచ్చి పడితే?

తీరంగాలి:
నిజమే రమణ గారూ, ఆ గొడవ అక్కడా ఉంది. ఆగినవాళ్లు ఒకరు, తెరిచిన రోజు వచ్చి పట్టుకుపోయేవాళ్లు ఇంకొకరు అయితే రెండోసారి ఎవరూ ఆగరు. పైగా ఇది త్వరగా పెరిగే ఆక్టోపస్‌కి కుదిరింది, పగడపు దిబ్బల్లో నెమ్మదిగా పెరిగే చేపలకి నెలల విరామం చాలదు, అక్కడ శాశ్వతంగా మూసే చోట్లు కావాలి. అందుకే ఆ ఊళ్లలో సముద్రపు నాచు, సముద్ర దోసకాయల (పేరు అలా ఉన్నా ఇవి సముద్రం అడుగున బతికే మెత్తటి జీవులు) సాగు కూడా మొదలుపెట్టారు, ఇంకో రాబడి లేకుండా పెద్ద నిషేధం నిలవదని నా నమ్మకం.

పెరంబూర్ స్వాతి:
థాంక్సండీ. సెమినార్‌లో ఆపాలా వద్దా అన్నది పక్కన పెట్టి, ఎవరు ఆపారు, ఆ నెలలు ఎవరి కూలి పోయింది అన్నదే తీసుకుంటాను. రమణ గారూ, ఐస్ మోసేవాళ్లతో మాట్లాడాలంటే ఎప్పుడు రావాలి?

కాశిమేడు రమణ:
తెల్లవారుజామునే రామ్మా, వేలం అయ్యాక ఎవరూ దొరకరు.