కుళ్ళిన గడపను మార్చడం: మీ అనుభవాలు చెప్పండి

అనంతపురం సభ్యుడు:
మా వీధి వాకిలి గడప ఎడమ మూలలో కుళ్ళిపోయింది. శుక్రవారం మా అమ్మ పసుపు రాస్తుండగా వేలు చెక్కలోకి దిగబడింది. తర్వాత స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే, రెండంగుళాల లోతు వరకు తడిసిన అటుకుల్లా విడిపోయింది. ద్వారబంధం మొత్తం ఊడదీయాలని మేస్త్రి అంటున్నారు గానీ, నిలువు కమ్ములు, పై కమ్మి గట్టిగానే ఉన్నాయి. గోడ పగలగొట్టకుండా గడప ఒక్కటే మార్చినవారు ఎవరైనా ఉన్నారా? వానలే సరిగా పడని మా ఊళ్ళో చెక్క ఇలా కుళ్ళడం నాకు అర్థం కావడం లేదు.

ప్రొద్దుటూరు సభ్యుడు:
గోడను ముట్టుకోనక్కరలేదన్నా. మేము తలుపు రెక్కలను బందుల నుంచి విప్పి, పై కమ్మి కింద రెండు పోట్లు నిలబెట్టి, గడపను నడిమికి రంపంతో కోసి, కుసుల (నిలువు కమ్ముల కింది కొసన గడపలోకి దిగేలా చెక్కిన సన్నని భాగాల) చుట్టూ ఉన్న చెక్కను ఉలితో చీల్చి ముక్కలుగా తీసేశాము. చిక్కంతా కొత్తది పెట్టేటప్పుడే వస్తుంది. నిలువు కమ్ముల కుసులు గడప బెజ్జాల్లోకి దిగి ఉండాలి, కానీ గోడలో బిగుసుకున్న కమ్ములను పైకి ఎత్తలేము. అందుకని మా వడ్రంగి కొత్త గడప బెజ్జాలను ఒక పక్కకు తెరిచి గాడులుగా చేసి, గడపను ముందు నుంచి కుసుల మీదికి తోసి, తెరిచిన చోట చెక్క ముక్కలను జిగురుతో బిగించారు. దానికే సగం రోజు పట్టింది. ఆ పనిలో ఆయనను తొందరపెట్టకండి.

కర్నూలు సభ్యురాలు:
వానతో పనిలేదండీ. చెక్కలో తేమ 20 శాతం దాటి చాలాకాలం నిలిస్తే శిలీంధ్రం దానిని తినడం మొదలుపెడుతుంది, అందుకు రోజూ వాకిలి కడిగే నీళ్ళు చాలు. మా వరండాకు టైల్స్ పరిచినప్పుడు నేల అంగుళం లేచి, నీళ్ళు గడప వైపుకు మళ్ళాయి. ఆ సంగతి గమనించకుండా గడప మార్చినందువల్ల, ఎంతో ఇష్టపడి కొన్న టేకు కూడా నాలుగేళ్ళకే పోయింది. వాలు సరిచేశాకే చెక్క కొనండి. పైన ఎనామెల్ పూసి అడుగు భాగాన్ని వదిలేయడం మేము చేసిన రెండో పొరపాటు. కోసిన చివరలకు, అడుగుకు బిగించక ముందే ప్రైమర్ పట్టించాలి. మట్టి గూళ్ళు కనిపిస్తే అది చెదల పని, దానికి మందు వేరే కొట్టించాలి.

కడప సభ్యుడు:
మేము చెక్క మానేసి నల్ల బండ వేయించాము. అయితే మా కడప బండ సున్నపురాయి గనుక, యాసిడ్‌తో కడిగితే మెరుపు పోయి తెల్లబడుతుంది. ఇంట్లో పనివారికి ఈ మాట ముందే చెప్పండి.

అనంతపురం సభ్యుడు:
ఈరోజు వాకిట్లో చెంబుడు నీళ్ళు పోసి చూశాను. అవి నేరుగా ఎడమ మూలకే వచ్చి ఆగాయి. ముందు ఆ వాలు సరిచేయిస్తాను. గడప లేని ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండనని అమ్మ అంటోంది కాబట్టి, పాతది తీసిన రోజే కొత్తది కూర్చునేలా గాడులన్నీ ముందే కోసి తెమ్మని వడ్రంగికి చెప్పాను.